లేహ్యం, తాయెత్తు, మా ఆయన

మా ఆయన చాలా మంచివాడని చిత్తూరు బజారులో అందరూ అనేవాళ్ళు. అంగడికి ఆడవాళ్ళు వస్తే తల ఎత్తి మొహం కూడా చూడకుండా బిందె ధర చెప్పేవాడు. శనివారం ఒక్కపొద్దు. బీడీ లేదు, సారాయి లేదు, పేకాట లేదు. ఇట్లాంటి మొగుడు దొరికినాడని మా వైపు ఆడవాళ్ళు నన్ను చూసి కుళ్ళుకున్నారు కూడా. ఆ తల ఎత్తని మనిషి అసలు సంగతి నాకు తెలిసేదానికి పెండ్లయి ఐదేండ్లు పట్టింది.

మాది ఇత్తడి, స్టీలు పాత్రల అంగడి. మా మామ ఎప్పుడో పోయినాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మా అత్త. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కుంభకోణం నుంచి వచ్చిన సరుకు తూకం మొదలుకొని ఏ వీధిలో ఎవరింట్లో పెండ్లి కుదిరిందో అనేదాకా అన్నీ ఆమెకు నోటికి ఉండేవి. ఆమెకు ఒక్కడే కొడుకు. ముప్పై దాటినా ఆ అంగట్లో ఆయనకు మూటలు మోసే కూలివాడికి ఉన్నంత మర్యాద కూడా లేదు. "రేయ్, నీకేం తెలుసు, పక్కకు జరుగు" అనేది గిరాకీల ముందరే. ఒక్క పని మాత్రం ఆయన చేతికే వదిలేసేది, పాత్రల మీద పేర్లు కొట్టడం. చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకొని చుక్క పక్కన చుక్క కొట్టుకుంటా పోతే అచ్చు వేసినట్టు వచ్చేవి అక్షరాలు.

ఒకరోజు ఎవరికో పెద్ద గంగాళం కావాలంటే, మిద్దె మీద గోడౌన్లో ఉండాది తీసుకురమ్మని అత్త నన్ను పంపించింది. బోర్లించిన గంగాళాన్ని ఎత్తితే దాని కింద అంగట్లో పొట్లాలు కట్టే పురికొసతో కట్టిన కట్ట ఒకటి కనబడింది. పిన్ను కొట్టిన బూతు పుస్తకాలు. బస్టాండు దగ్గర వారపత్రికల వెనకాల దాచిపెట్టి అమ్ముతారే, అవి.

అక్కడే నిలబడి రెండు పుస్తకాలు తిరగేసినాను. ఏడుపు రాలేదు. మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత రోత పుట్టింది. రాసినవాడికి ఒత్తులు తెలీవు, వాక్యం ముగించడం తెలీదు. అన్నిట్లో ఒకటే కథ, ఊరు మాత్రం మారుతుంది. బొమ్మలు ఎన్ని చేతులు మారి అచ్చయినాయో, యాడ మనిషో యాడ మసో తెలీకుండా ఉన్నాయి. చెంబును వేలితో కొట్టి మోత విని పగులు పట్టుకునే మనిషి ఇంత నాసిరకం సరుకు ఎట్లా కొన్నాడా అనిపించింది. కొంచెం తేటగా ఉన్న ఒక బొమ్మలో ఆడమనిషి బొట్టు చెదిరిపోయి, కండ్లు ఎటో చూస్తా ఉన్నాయి. పని ఎప్పుడైపోతుందా, ఇంటికి ఎప్పుడు పోదామా అన్నట్టుండాయి ఆ కండ్లు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెను కొన్నవాడి మీదే వచ్చింది.

ఆ సాయంత్రం కట్ట తెచ్చి ఆయన ముందర పెట్టినాను. ఆయన గోడకు ఆనుకొని కూలబడినాడు. పెండ్లికి ముందు మద్రాసుకు సరుకు కోసం పోయినప్పుడు మొదలైందంట. మానేస్తాను, మానేస్తాను అని ఏడ్చినాడు. అంతటితో ఊరుకోకుండా, ఒట్టు వేస్తానని పక్కన ఆడుకుంటా ఉన్న మా పాప తల మీద చెయ్యి పెట్టబోయినాడు. నేను పాపను వెనక్కి లాక్కున్నాను.

"మీ ఒట్టుకు నా బిడ్డ తల కావాల్సి వచ్చిందా?" అన్నాను.

పుస్తకాలు వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టినాము. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. అంతలో ఊర్లోకి వీడియోలు వచ్చినాయి. బస్టాండు వెనకాల రేకుల షెడ్డు వేసి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పొద్దున పూట దేవుడి సినిమాలు వేసేవాళ్ళు. బయట బోర్డు మీద శంఖుచక్రాలు, లోపల మధ్యాహ్నం ఆట వేరే. భోజనానికని అంగడి నుంచి బయల్దేరిన మనిషి ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చినా అన్నం కెలికి లేచిపోయేవాడు. పాప ఏదైనా అడిగితే రెండోసారి అడిగినాక గానీ వినబడేది కాదు. నాతో మాటలు తగ్గిపోయినాయి, పక్కన పడుకోవడం ఎప్పుడో పోయింది. ఆడవాళ్ళ బొమ్మల కోసం అంత తిరిగే మనిషికి ఇంట్లో ఉన్న ఆడది కుర్చీ మాదిరి, బీరువా మాదిరి అయిపోయింది.

ఒక పెండ్లివాళ్ళు సారె సామాన్లు ఇచ్చి అన్నిటి మీదా పెండ్లికూతురి పేరు కొట్టమన్నారు. ఈయన నిద్రలేని కండ్లతో వాళ్ళ పెద్దకూతురి పేరు కొట్టి పెట్టినాడు. ఆ పెద్దమ్మాయి కాపురం చెడి పుట్టింట్లో ఉండే పిల్ల. వాళ్ళు అపశకునమని అంగట్లో నిలబడి ఏడ్చినారు. మా అత్త బజారంతా వినబడేట్టు తిట్టింది. నీ మాదిరి కొడుకును కన్నందుకు ఈ ఇత్తడి కరిగించి తాగాల అనింది. ఆయన ఉలి కిందపెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా నేరుగా ఆ షెడ్డుకే పోయినాడు. పక్కంగడి మనిషి చూసి వచ్చి మా అత్తకు చెప్పినాడు. అట్లా ఆమెకు తెలిసింది.

తెలిసినాక ఆమె మొదట తిట్టింది నన్ను. పూలు పెట్టుకోవు, మంచి చీర కట్టవు, మొగుణ్ణి ఇంట్లో నిలుపుకోవడం చేతకాదు అని. ఆ షెడ్డులో కూర్చునే మగవాళ్ళందరి పెండ్లాలూ పూలు పెట్టుకోనివాళ్ళేనా అని అడిగినాను. జవాబు లేకపోతే ఏదో ఒకటి చేసేయడం ఆమెకు అలవాటు. ఆ నెలలోనే కొడుకును లాడ్జి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తోడుగా నన్నూ రమ్మనింది.

ఆ డాక్టరు పేరు తిరుపతి రోడ్డు పొడవునా గోడల మీద నీలంతో రాసి ఉండేది. నరాల బలహీనత, యౌవనంలో చేసిన తప్పులు, నెలకొకసారి తిరుపతిలో ఒక లాడ్జి, మరుసటి రోజు చిత్తూరులో ఒక లాడ్జి. మేము పోయేసరికి వరండాలో మగవాళ్ళు మొహాలు దాచుకొని కూర్చొని ఉండారు. లోపల గోడకు ఒక కండల మనిషి బొమ్మ, పక్కనే చీర జారిన ఆడదాని బొమ్మ. ఏ రోగానికని వచ్చినామో ఆ రోగాన్నే గోడకు తగిలించుకున్నాడు మహానుభావుడు.

తనది శాస్త్రమని మాటకు ముందొకసారి, వెనకొకసారి అన్నాడు. పట్టిక చూపించినాడు. అన్నం రక్తమై, రక్తం ఎముకలో మూలుగై, ఆ మూలుగు ఇట్లా వృథా అయిపోతే మనిషి నలభైకే ముసలివాడై పోతాడన్నాడు. వెన్నుపూస ఎండిపోతుందన్నాడు. ఈయన మొహం పాలిపోయింది. భయపెట్టినంతసేపు పెట్టి, ఆ భయానికి మందని మూడు సీసాల టానిక్కు, ఒక డబ్బా లేహ్యం అంటగట్టినాడు. లేహ్యం బెల్లం పాకం వాసన కొట్టింది. దాన్ని తిన్నన్నాళ్ళు ఈయన రోజూ అద్దంలో కండ్ల కింద నలుపు చూసుకునేవాడు, నాడి పట్టి చూసుకునేవాడు. దిగులు ఎక్కువైంది. దిగులు ఎక్కువైతే మళ్ళా షెడ్డు. ఆ డాక్టరుకు శాస్త్రం తెలీదు, వ్యాపారం తెలుసు. భయపడినవాడు మళ్ళా వస్తాడని మా అత్తకు ఇత్తడి ధర తెలిసినంత బాగా తెలుసు.

లేహ్యం పని చెయ్యలేదని మా అత్త ఈసారి కార్వేటినగరం దోవలో ఆశ్రమం పెట్టుకున్న ఒక స్వామి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పులితోలు మాదిరి అచ్చు వేసిన దుప్పటి మీద కూర్చొని ఉండాడు. సంగతి చెప్తే ఈయన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నా వైపు తిరిగినాడు. స్త్రీ మాయ అనీ, మగవాడి చూపు చెదిరిందంటే ఇంట్లో ఆడదాని నియమం తప్పినట్టనీ సెలవిచ్చినాడు. నన్ను మండలం ఒక్కపొద్దు ఉండమన్నాడు. ఈయన జబ్బకు తాయెత్తు కట్టి, తిరుమల కొండకు పోయి తల నీలాలు ఇచ్చి, దేవుడి ఎదుట ఒట్టు పెట్టుకోమన్నాడు.

తప్పు ఒకరిది, పస్తు ఇంకొకరిది. నేను ఉండను అని అక్కడే చెప్పేసినాను. ఆ మాటకు మా అత్త చానా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజులు నాకు హాయిగానే గడిచినాయి.

ఈయన గుండు కొట్టించుకొని వచ్చినాడు. అంతకుముందు దొంగను చూసినాను గానీ, ఇప్పుడు వచ్చినవాణ్ణి భరించడం ఇంకా కష్టమైంది. నుదుట పెద్ద నామం. పొద్దున గంటసేపు పూజ. పాప గౌను మోకాళ్ళ పైకి ఉందని కసిరినాడు. పనిమనిషి కొంగు సరిగ్గా లేదని నాకు చెప్పి పంపినాడు. నేను తల విరబోసుకొని దువ్వుకుంటా ఉంటే కండ్లు మూసుకొని పక్కకు తిరిగినాడు. నిన్నటి దాకా చీకటి షెడ్డులో కండ్లార్పకుండా చూసిన మనిషి, ఈ రోజు కట్టుకున్న పెండ్లాన్ని చూస్తే అపచారమంట. చూసే పిచ్చి పోయి చూడని పిచ్చి పట్టుకుంది. రెండిట్లోనూ ఆడది మనిషి కాదు.

రెండు నెలలు కూడా నిలబడలేదు ఆ ఒట్టు. దేవుడి ఎదుట పెట్టిన ఒట్టు తప్పినాను కాబట్టి ఇంక నాకు గతి లేదు, ఇంక ఏం చేసినా ఒకటే అని షెడ్డు నుంచి షెడ్డుకు తిరిగినాడు. చిత్తూరులో తెలిసినవాళ్ళు ఉన్నారని వేలూరు దాకా పోయేవాడు. ఒక పొద్దు నేను మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పినాను.

"ఇంక ఒట్లు వద్దు. వేలూరు దోవ మీకు ఎట్లాగూ తెలుసు. ఆ ఊర్లోనే మనసు డాక్టరు ఒకామె ఉండాదంట. రేపు ఇద్దరం పోదాము. రానంటే పాపను తీసుకొని మా నాయన దగ్గరికి పోతాను, మళ్ళా తిరిగి రాను."

ఆయన వస్తానన్నాడు. నన్ను పోగొట్టుకుంటానని వచ్చినాడా, పరువు పోతుందని వచ్చినాడా అని నేను అడగలేదు.

ఆ డాక్టరమ్మకు అరవై ఉంటాయి. అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. గోడకు బొమ్మలు లేవు, పాత క్యాలెండరు ఒకటే. వెన్నుపూస ఎండిపోతుందా అని ఈయన అడిగితే, ఎవరు చెప్పినారు అనింది. లాడ్జి డాక్టరు సంగతి విని పెన్ను కిందపెట్టి, ఒంటికి ఏమీ కాలేదు, టానిక్కు సీసాలు కాలవలో పొయ్యమనింది. చెడింది రక్తం కాదంట, అలవాటు. మెదడుకు ఒక చోట సులువుగా తీపి దొరికితే కష్టం వచ్చినప్పుడల్లా అది ఆ దోవే పడుతుందంట. చూసినదే మళ్ళా చూస్తే చప్పబడిపోతుంది కాబట్టి కొత్తది వెతుకుతుందంట. అసలు మత్తు బొమ్మలో లేదు, చూడబోతాను అనే ఆత్రంలో ఉండాది, అందుకే చూసి బయటికి వచ్చినాక ఏమీ మిగలదు అనింది. ఈయన తల ఊపినాడు. ఆ ముక్క ఆయనకు అంతకుముందే తెలుసు, చెప్పినవాళ్ళు లేరు.

అప్పుడు ఆమె ఆయన్ను అడిగింది. "షెడ్డుకు పోయే ముందు యాడ ఉంటారు? ఏం జరిగి ఉంటుంది?"

అమ్మ తిట్టి ఉంటుంది అన్నాడు ఆయన. అని తల దించుకున్నాడు, అదేదో బూతు పుస్తకాల కన్నా పెద్ద తప్పు చెప్పినట్టు. నాకు ఆ క్షణం లోలోపల సంతోషమైంది. ఇన్నాళ్ళకు మా అత్త దొరికిపోయింది అనుకున్నాను. డాక్టరమ్మ నా సంతోషాన్నీ ఉంచలేదు.

"అమ్మ తిట్టేది నిజమే. తిట్టినాక ఏ దోవ పట్టేదనేది మీ పని. దానికి ఆమెను అడగలేము" అనింది.

ఆమె చెప్పిన వైద్యంలో మందు లేదు. ఆ ఊరు, ఆ వేళ, ఆ ఒంటరితనం కొన్నాళ్ళు మార్చమనింది. కోరిక పుట్టినప్పుడు దానితో కుస్తీ పట్టొద్దు, ఒక అరగంట వాయిదా వెయ్యి, ఆ అరగంట పదిమందిలో ఉండు, చేతికి పని పెట్టు అనింది. తప్పితే ఏడ్చి గుండు కొట్టించుకోవద్దు, ఎంత ఏడిస్తే అంత తొందరగా మళ్ళా పోతావు, ఏడ్చే బదులు పెండ్లానికి చెప్పు అనింది. నా వైపు తిరిగి, చెప్పినప్పుడు వినాల, కావలి కాయొద్దు, జేబులు వెతకొద్దు అనింది. ఈ రెండో మాట నాకు అంతగా రుచించలేదు.

ఊరు మార్చాలంటే మాకు ఉన్నది కొండే. మా నాయనకు తిరుమలలో పూజ సామాన్ల అంగడి ఉండేది. కుంకం, తులసి పూసలు, చిన్న ఇత్తడి దీపాలు, చెంబులు. పాపకు ఎండాకాలం సెలవులని ముగ్గురం పోయినాము. మా అత్త, అంగడి వదిలేసి యాడికిరా అని కేకలేస్తా ఉంటే ఈయన మొదటిసారి నిలబడకుండా బస్సెక్కినాడు. మా నాయనకు నేనే చెప్పినాను. ఆయన దీపాలు తుడుస్తానే విన్నాడు. పేర్లు కొట్టే ఉలి తెచ్చుకున్నాడా అని మాత్రం అడిగినాడు.

కొండమీద ఈయన అంగడి ముందర కూర్చొని, యాత్రికులు కొన్న చెంబుల మీద పేర్లు కొట్టేవాడు. ఏ ఊర్ల నుంచో వచ్చిన మనుషులు, బిడ్డల పేర్లు, పోయినవాళ్ళ పేర్లు చెప్పి కొట్టించుకునేవాళ్ళు. ఒంటరిగా ఉండేదానికి కొండమీద చోటే లేదు. మొదటి వారాలు చిటపటలాడినాడు. ఊరికే బస్టాండు దాకా పోయి ఘాట్ రోడ్డు బస్సులు చూసి తిరిగి వచ్చేవాడు.

మా నాయన పెద్ద జ్ఞాని ఏమీ కాదు. రంగు వేసిన కొయ్య పూసలను తులసి పూసలని అమ్మిన మనిషే. కానీ ఒకరోజు గిరాకీ లేనప్పుడు ఈయన, స్వామి ముందర ఒట్టు తప్పినాను మామా, గుళ్ళోకి పోవాలంటే భయంగా ఉండాది అంటే, చేతిలో పని ఆపి చెప్పినాడు.

"ఒట్లు ఆయనకెందుకప్పా? రోజుకు ఎన్ని వేల మంది పెట్టి తప్పుతుంటారో ఆయనకు తెలీదా? ఒకటి చెప్తాను విను. ఆ షెడ్డులో నువ్వు చూస్తావు, నిన్నెవరూ చూడరు. అదే నీకు బాగుండేది. గుళ్ళో అట్లా కాదు. నువ్వు చూసేది రెప్పపాటు. ఆయన నిన్ను చూస్తాడు, నువ్వు ఉండేది ఉండినట్టు. ఆ చూపు కింద నిలబడేదానికి పోతారు జనం. నువ్వూ పోయి నిలబడు. ఏమీ అడగొద్దు, ఏమీ మొక్కొద్దు."

ఈయన మర్నాడు పొద్దున గుడికి పోయినాడు. నామం పెట్టుకోలేదు. మహిమలు జరిగినాయని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఏ మహిమా జరగలేదు. ఆ రోజు అన్నం మాత్రం కడుపునిండా తిన్నాడు.

సెలవులు అయిపోయి చిత్తూరికి దిగినాక దీపావళి ముందర మళ్ళా ఒకసారి షెడ్డుకు పోయినాడు. ఆ రోజు సాయంత్రం వచ్చి, నేను బియ్యం ఏరుకుంటా ఉంటే ఎదురుగా కూర్చొని, "ఈ రోజు పోయినాను" అన్నాడు. ఏడవలేదు, ఒట్టు పెట్టలేదు, తాయెత్తు పట్టుకోలేదు. నా నోటికి చానా మాటలు వచ్చినాయి. డాక్టరమ్మ మొహం గుర్తొచ్చి మింగినాను. ఎందుకు పోయినారు అని మాత్రం అడిగినాను. పండగ సరుకు లెక్కలో అమ్మ అందరి ముందర దొంగ అనింది అన్నాడు. నాకు ఆయన మీద ఉన్న ఏవగింపులో కొంత ఆ పూట కరిగింది. అంతా కరిగిందంటే అబద్ధం.

ఆ తర్వాత ఆయన ఒక పని చేసినాడు. అమ్మతో పోట్లాడలేదు. అంగడికి ఎదురు వరసలో ఒక చిన్న గది బాడుగకు తీసుకొని, పేర్లు కొట్టేదీ కళాయి పూసేదీ అక్కడ పెట్టుకున్నాడు. మా అత్త అరిచింది, ఏడ్చింది, గుండె పట్టుకొని పడుకునింది. డాక్టరును పిలిపిస్తే గుండెకు ఏమీ లేదన్నాడు. వారం తిరక్కుండా తన గిరాకీలనే ఆయన దగ్గరికి పంపడం మొదలుపెట్టింది, కమీషన్ పట్టుకొని.

మధ్యలో ఇంకోసారో రెండుసార్లో తడబడినాడు. ప్రతిసారీ ఆయన నోటితోనే నాకు తెలిసింది. కొన్నేండ్లకు ఆ షెడ్లు కూడా మూతబడినాయి, ఇండ్లల్లోకే వీడియోలు వచ్చినాయి. మా ఇంట్లోకి తెచ్చేదీ లేనిదీ ఆయన్నే తేల్చుకోమన్నాను. వద్దన్నాడు. మేము మళ్ళా మాట్లాడుకోవడం మొదలైంది, ముందు పాప చదువు గురించి, తర్వాత కూరల గురించి, చానా తర్వాత మా ఇద్దరి గురించి.

బంధువుల్లో సంగతి పొక్కినాక నన్ను పతివ్రతను చేసేసినారు. ఓర్పుతో మొగుణ్ణి దిద్దుకుందంట. నాకు ఓర్పు లేదు. ఆయన నిజం చెప్పడం మొదలుపెట్టినాడు కాబట్టి ఉన్నాను. చెప్పకపోయి ఉంటే మా నాయన అంగట్లో కుంకం పొట్లాలు కట్టుకుంటా బతికేదాన్ని.

మా అత్త మాత్రం ఇదంతా తాయెత్తు మహిమ అని ఊరంతా చెప్పింది. ఆమె చెప్పగా చెప్పగా ఆ ఆశ్రమం మనుషులు ఒకరోజు రసీదు పుస్తకం పట్టుకొని ఈయన గదికి వచ్చినారు, స్వామివారి వల్ల మేలు పొందినారు కదా, మండపానికి చందా రాయమని. నేను అన్నం క్యారియరు తీసుకొని అప్పుడే పోయినాను. ఈయన తల ఎత్తి వాళ్ళ మొహాలు చూసినాడు.

"నా పిచ్చి మీ తాయెత్తుతో తగ్గలేదు. ఎట్లా తగ్గిందో చెప్పమంటే ఈడనే, ఈ బజార్లోనే చెప్తాను. కూర్చోండి" అన్నాడు.

వాళ్ళు కూర్చోలేదు. ఎదురంగట్లో మా అత్త అంతా వినింది. మర్నాడు పొద్దున తన గల్లాపెట్టెలో నుంచి తీసి, మనిషినిచ్చి వాళ్ళకు చందా పంపించింది.